‘ఏమన్నాడు?’: పాత హోమ్ థియేటర్‌లో ఏది మార్చాలో, ఎప్పుడు మార్చాలో తేల్చుకున్న ఒక ఇంటి కేసు

ఇళ్లలో హోమ్ థియేటర్లు అమర్చడం, పాతవాటిని సరిచేయడం నా వృత్తి. ఈ కేసును వివరంగా రాసిపెట్టడానికి కారణం, ఇందులో నేను మొదటి రోజే ఫోన్లో ఒక తప్పు సలహా ఇచ్చాను. ఆ సలహా పాటించి ఉంటే ఆ ఇంటివాళ్లు రెండేళ్లుగా కూడబెట్టుకున్న డబ్బు మొత్తం ఖర్చయ్యేది, బాధ మాత్రం ఉన్నచోటే ఉండేది. వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

ఇంట్లో ముగ్గురు: భార్యాభర్తలు, ఆయన తల్లి. అమ్మగారికి డెబ్బై దాటాయి. హాలు పొడవు 4.2 మీటర్లు, వెడల్పు 3.6. పన్నెండేళ్ల కిందట ఆయన ఇష్టపడి ఒకేసారి కొన్న 5.1 సెట్టు అది. ఒక రిసీవర్ (శబ్దానికి బలమిచ్చి స్పీకర్లకు పంచే పెట్టె), ముందు వైపు నిలువు స్పీకర్లు రెండు, టీవీ కింద అడ్డంగా పెట్టే సెంటర్ స్పీకర్, వెనక చిన్న స్పీకర్లు రెండు, మూలన లోతైన శబ్దాల కోసం సబ్‌వూఫర్. స్పీకర్లన్నీ ఒకే శ్రేణివి. ఈ చివరి విషయం అప్పట్లో నేను పెద్దగా పట్టించుకోలేదు, చివరికి అదే ఆదుకుంది. టీవీ మాత్రం మూడేళ్ల కిందట మార్చారు, 50 అంగుళాల 4కే. సినిమాలు, సిరీస్‌లు టీవీలోని యాప్‌లలోనే చూస్తారు. శబ్దం హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే ఏఆర్‌సీ అనే వెనక దారి గుండా టీవీ నుంచి రిసీవర్‌కు వెళ్తుంది.

ఇక డబ్బు. నెలనెలా కొంత పక్కన పెడుతూ రెండేళ్లలో ఒక మొత్తం పోగుచేశారు. దానితో మంచి రిసీవర్ ఒకటి గానీ, 65 అంగుళాల టీవీ ఒకటి గానీ వస్తుంది. రెండూ రావు. మళ్లీ అంత చేతికి రావాలంటే ఇంకో రెండేళ్లు ఆగాలి. కొన్నాక నచ్చకపోతే మార్చుకుందాంలే అనుకునే వెసులుబాటు లేదు. ఇలాంటి ఇంట్లో సలహా చెప్పేవాడి మీద బాధ్యత ఎక్కువ. డబ్బున్నవాళ్లకు తప్పు సలహా ఇస్తే ఒక పెట్టె అటకెక్కుతుంది, వీళ్లకు ఇస్తే రెండేళ్ల ఓర్పు వృథా అవుతుంది.

వాళ్లు చెప్పిన బాధ

ఆయన ఫోన్లో చెప్పింది ఇది: “మాటలు వినిపించడం లేదండీ. సంగీతం, పేలుళ్లు ఇల్లంతా అదిరిపోతాయి, మాటల దగ్గరికి వచ్చేసరికి అమ్మ ‘ఏమన్నాడు?’ అని అడుగుతుంది. రిసీవర్ పాతబడిపోయింది, దుకాణంలో కూడా అదే అన్నారు. 75 వాట్లది తీసేసి 100 వాట్లది పెట్టుకోమంటున్నారు.”

పన్నెండేళ్ల రిసీవర్ అనగానే, “అయితే మార్చుకోవడమే మంచిది” అని నేనూ అన్నాను. ఇల్లు చూడలేదు, ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ రాత్రి ఆలోచిస్తే లెక్క కుదరలేదు. 75 వాట్ల నుంచి 100 వాట్లకు వెళ్తే వచ్చే తేడా ఒకటింబావు డెసిబెల్ మాత్రమే. వాట్లు రెట్టింపు చేసినా పెరిగేది 3 డెసిబెల్‌లే. శబ్దం చెవికి రెట్టింపుగా అనిపించాలంటే దాదాపు పది రెట్ల శక్తి కావాలి. పైగా వాళ్ల బాధ శబ్దం చాలకపోవడం కాదు, ఇల్లు అదిరిపోతోందని ఆయనే చెప్పారు. బలం ఎక్కువై బాధపడుతున్న ఇంటికి నేను ఇంకా బలమైన పెట్టె సిఫారసు చేశాను. మర్నాడు ఫోన్ చేసి, నిన్న చెప్పింది వెనక్కి తీసుకుంటున్నాననీ, చూడకుండా ఏమీ కొనవద్దనీ చెప్పాను.

వెళ్లగానే అడిగిన మొదటి ప్రశ్న, “ఈ ఇబ్బంది ఎప్పటి నుంచి?” ఆయన భార్య వెంటనే చెప్పారు: మూడేళ్లుగా ఉంది, రెండేళ్లుగా మరీ ఎక్కువైంది. రిసీవర్ వయసు పన్నెండేళ్లు. తొమ్మిదేళ్లు బాగా పనిచేసిన పెట్టె ఒక రోజున హఠాత్తుగా ముసలిదైపోదు. మూడేళ్ల కిందట ఆ హాల్లోకి కొత్తగా వచ్చింది టీవీ. రెండేళ్ల కిందట ఏం మారిందో అప్పటికి ఎవరికీ తట్టలేదు.

అమ్మగారి వినికిడి సంగతి కూడా తేల్చుకోవాలి. ఆమె నాతో మామూలు గొంతుతో, అడిగినదాన్ని మళ్లీ అడగకుండా మాట్లాడారు. అయినా ఒకసారి వినికిడి పరీక్ష చేయించమని కోరాను. నేను వైద్యుణ్ని కాను, పరికరాల మీద డబ్బు పెట్టే ముందు ఆ సందేహం తీరాలి. వయసుతో పాటు వచ్చే తగ్గుదల హెచ్చు పౌనఃపున్యాల దగ్గర, అంటే సన్నని ధ్వనుల దగ్గర, కొంత ఉందనీ, యంత్రం పెట్టుకోవలసినంత లేదనీ తేలింది. ఇది నాకు చాలా ఉపయోగపడింది. మాటలో బలమంతా అచ్చులది, అర్థాన్ని మోసేవి హల్లులు. స, ష, త లాంటి ధ్వనులలో శక్తి తక్కువ, అది ఉండేది పై పౌనఃపున్యాలలో. ఆ ధ్వనులు కొంచెం మసకబారినా కుర్ర చెవి ఊహించి నింపుకుంటుంది, అమ్మగారి చెవికి ఆ మిగులు లేదు. అందుకే కొడుకు “పరవాలేదు, వినిపిస్తోంది” అనే చోట ఆమె “ఏమన్నాడు?” అంటున్నారు.

బాగుపడిందో లేదో తెలియాలంటే ఒక కొలత కావాలి. “కాస్త నయమండీ” అన్న మాట మీద నిర్ణయాలు తీసుకోలేం, ఎందుకంటే ఏదైనా కొత్తగా చేసినప్పుడు అందరికీ కాస్త నయంగానే అనిపిస్తుంది. కోడలిగారికి ఒక చిన్న పని అప్పగించాను: వాళ్లు రోజూ చూసే సిరీస్‌లో ఒక్కో భాగానికి అమ్మగారు ఎన్నిసార్లు “ఏమన్నాడు?”, “ఏమంది?” అని అడుగుతారో గీతలు గీయమన్నాను. ఒకే సినిమాను మళ్లీ మళ్లీ చూపిస్తే మాటలు ముందే తెలిసిపోతాయి. ఒకే సిరీస్‌లో వేరువేరు భాగాలైతే నటులు, గొంతులు, రికార్డింగు తీరు అవే ఉంటాయి, మాటలు కొత్తవి. అమ్మగారికి ఈ లెక్క సంగతి చెప్పలేదు. మూడు భాగాల సగటు 11 వచ్చింది.

మొదటి ప్రయత్నం: మూగబోయిన స్పీకర్

రిసీవర్ ముఖం మీది అక్షరాలు చదివితే సగం రోగం తెలుస్తుంది. అక్కడ ‘స్టీరియో’ అని ఉంది. సిరీస్ నడుస్తుండగా ఆయన్ని వంగి సెంటర్ స్పీకర్‌కు చెవి ఆనించమన్నాను. ఆయన వంగి, కాసేపు అలాగే ఉండి, నా వైపు చూశారు. అందులోంచి ఏ శబ్దమూ రావడం లేదు.

టీవీ సెట్టింగులలో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ ‘పీసీఎం’ మీద ఉంది. ఏఆర్‌సీ దారిలో పీసీఎం (కుదించని డిజిటల్ శబ్దం) అంటే రెండు చానెళ్లే, కుడి ఎడమలు మాత్రమే. యాప్ 5.1 శబ్దం పంపుతున్నా టీవీ దాన్ని రెండుగా కలిపేసి రిసీవర్‌కు ఇస్తోంది. అప్పుడు మాటలు కుడి ఎడమ స్పీకర్లలో సంగీతంతో కలిసి వస్తాయి. సోఫా మధ్యలో కూర్చున్నవాళ్లకు గొంతు తెర మధ్య నుంచి వస్తున్నట్టు అనిపించవచ్చు, పక్కన కూర్చున్నవాళ్లకు దగ్గరి స్పీకర్ ఒక్కటే వినిపిస్తుంది. టీవీ మార్చిన రోజు నుంచి, అంటే మూడేళ్లుగా, మాటల కోసం పెట్టిన స్పీకర్ మూగగా ఉంది.

ఆ సెట్టింగును ‘బిట్‌స్ట్రీమ్’ (శబ్దాన్ని టీవీ విప్పకుండా రిసీవర్‌కు పంపడం) చేయగానే రిసీవర్ మీద ‘డాల్బీ డిజిటల్ ప్లస్’ అని, అంటే 5.1 శబ్దాన్ని మోసే ఫార్మాట్ పేరు, వచ్చింది. పైసా ఖర్చు లేదు. ఆయన అప్పుడే విజయం సాధించినంత సంతోషించారు. కానీ వారం తర్వాత సగటు 8. తగ్గింది, అయినా ఎనిమిది సార్లు అడగడం చిన్న ఇబ్బంది కాదు.

విఫలమైనవి

ఇక్కడ నేను చేసిన రెండో పొరపాటు. మాటలు చాలడం లేదంటే సెంటర్ స్థాయి పెంచితే సరి అనుకుని 4 డెసిబెల్‌లు పెంచాను. చాలామంది చేసేదే, తేలికగా అయ్యే పని. సోఫాలో కూర్చున్న భార్యాభర్తలు గొంతులు డబ్బాలోంచి మాట్లాడుతున్నట్టు ఉన్నాయన్నారు. అమ్మగారి లెక్క 8 దగ్గరే ఉండిపోయింది. స్పష్టత లేని శబ్దాన్ని పెంచితే స్పష్టత లేకపోవడం కూడా పెరుగుతుంది. స్థాయిని మళ్లీ కిందికి దించి, పింక్ నాయిస్ అనే పరీక్ష శబ్దంతో అన్ని స్పీకర్లనూ సమానం చేశాను.

రిసీవర్‌లో ఉండే రాత్రి మోడ్ కూడా ప్రయత్నించాం. అది పెద్ద శబ్దాలను తగ్గించి చిన్న శబ్దాలను పెంచుతుంది. అమ్మగారికి పేలుళ్ల బెదురు తగ్గింది, ఆయనకు మాత్రం సినిమా చప్పబడిపోయింది. దాన్ని అవసరమైనప్పుడు వాడుకునే మీటగా ఉంచాం. మాటల లెక్కలో దాని ప్రభావం కనిపించలేదు.

డబ్బా ధ్వని ఎందుకో వెతికితే, సెంటర్ స్పీకర్ క్యాబినెట్ అరలో జానెడు లోపలికి నెట్టి ఉంది. శబ్దం ముందుకు వచ్చేలోపు అర కింది చెక్కకు, పక్క చెక్కలకు తగిలి వస్తోంది. దాన్ని అర అంచు దాటి రెండు సెంటీమీటర్లు బయటికి లాగి, ముందు భాగం కింద రబ్బరు ముక్క పెట్టి చెవి ఎత్తుకు తిప్పాను. రిసీవర్‌లో ఆ స్పీకర్ ‘లార్జ్’ (లోతైన శబ్దాలూ మోయగలదు) అని ఉంటే ‘స్మాల్’ చేసి, 80 హెర్ట్జ్ (సెకనుకు 80 కంపనాలు) కింది శబ్దం సబ్‌వూఫర్‌కు వెళ్లేలా మార్చాను.

సబ్‌వూఫర్ మూలన ఉంది, సోఫా వెనక గోడకు ఆనుకుని ఉంది. ఈ రెండూ కలిస్తే తక్కువ పౌనఃపున్యాలు గూడుకట్టుకుంటాయి. 4.2 మీటర్ల పొడవున్న గదిలో 41 హెర్ట్జ్ దగ్గర శబ్దం నిలబడిపోతుంది, గోడల దగ్గరే అది అన్నిటికంటే ఎక్కువ. సోఫాను 60 సెంటీమీటర్లు ముందుకు జరిపాం. సబ్‌వూఫర్‌ను తాత్కాలికంగా సోఫా మీద పెట్టి, దిగువ స్వరాల పాట ఒకటి వేసి, ఆయనా నేనూ నేలమీద పాకుతూ ఎక్కడ శబ్దం ఉబ్బకుండా శుభ్రంగా వినిపిస్తుందో వెతికాం. ఎడమ గోడ మధ్యకు దగ్గరలో ఒక చోటు దొరికింది. సబ్‌వూఫర్‌ను అక్కడికి మార్చి స్థాయి 6 డెసిబెల్‌లు తగ్గించాను. మగ గొంతుల కింద ఉండే బొంయ్‌మనే మోత పోయింది.

దీనివల్ల అనుకోని లాభం ఒకటి. సోఫా ముందుకు రావడంతో టీవీకీ కళ్లకూ మధ్య దూరం 3 మీటర్ల నుంచి 2.4 మీటర్లకు తగ్గింది. 50 అంగుళాల తెర ఇప్పుడు చూపులో 26 డిగ్రీలు ఆక్రమిస్తోంది. పాత చోటు నుంచి 65 అంగుళాల టీవీ చూస్తే వచ్చేది 27 డిగ్రీలు. కాగితం మీద ఈ రెండు అంకెలూ రాసి చూపించాను. ఆయన కాసేపు ఆ కాగితం, కాసేపు టీవీ చూసి, “అయితే టీవీ సంగతి వదిలేద్దామండీ” అన్నారు. చిత్రంలో లోటు లేదు కాబట్టి నాకూ అదే సరి అనిపించింది.

సోఫాలో ఉన్న ఇద్దరికీ ఇప్పుడు మాటలు స్ఫటికంలా ఉన్నాయి. అమ్మగారి లెక్క 7.

రిసీవర్‌ను పరీక్షకు పెట్టడం

ఇన్ని చేశాక కూడా ఏడు అంటే, ఆయన మళ్లీ రిసీవర్ వైపు చూడటం సహజం. “మిగిలింది అదే కదండీ” అన్నారు. నేను కాదని వాదించలేదు. నా మాటతో ఆగితే ఆ కోరిక మనసులో అలాగే ఉండి, ఏదో ఒక రోజు ఆ డబ్బును పట్టుకుపోతుంది. నా దగ్గరున్న కొత్త రిసీవర్ తెచ్చి రెండు వారాలు ఆ ఇంట్లో పెట్టాను.

పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. రెండింటిలో ఏది కొంచెం బిగ్గరగా ఉంటే చెవికి అదే మెరుగ్గా తోస్తుంది. అందుకని టెస్ట్ టోన్ వేసి, స్పీకర్ తీగల దగ్గర మల్టీమీటరుతో వోల్టేజీ కొలిచి రెండింటినీ సమానం చేశాను. కొత్తదానిలో గదికి తగ్గట్టు శబ్దాన్ని తనే సరిదిద్దే ‘గది సవరణ’ను ఆపేశాను. తర్వాత ఒకే ముప్పై సెకన్ల సన్నివేశం, తీగలు మార్చేది నేను, వినేవాళ్లకు ఏది నడుస్తోందో తెలియదు. పదిసార్లలో ఆయన ఐదుసార్లు, ఆమె ఆరుసార్లు సరిగ్గా చెప్పారు. నాణెం ఎగరేసినా అంతే వస్తుంది.

గది సవరణ వేసి విన్నప్పుడు దిగువ స్వరాలలో తేడా తెలిసింది, అది నిజమైన లాభమే. కానీ సబ్‌వూఫర్ చోటు మార్చి అందులో ఎక్కువ భాగం ముందే సంపాదించుకున్నాం. రెండు వారాలూ అమ్మగారి లెక్క 7 దగ్గర కదలలేదు. పాత రిసీవర్ గుండా 4కే చిత్రం రాదని కూడా దుకాణంలో చెప్పారట, ఆ మాటకూ ఇక్కడ బలం లేదు. వీళ్ల చిత్రం రిసీవర్ గుండా వెళ్లడమే లేదు, యాప్‌లు టీవీలోనే ఉన్నాయి. దారిలో లేని పెట్టె దారికి అడ్డం కాదు.

రెండేళ్ల కిందట మారినది

ఏడవసారో ఎనిమిదవసారో వెళ్లినప్పుడు, ఆ ఇంట్లో నేను ఇంతవరకు కూర్చోని చోటు ఒకటుందని గమనించాను. అమ్మగారి కుర్చీ. చేతులున్న ఎత్తు కుర్చీ అది, కుడి గోడ పక్కన, తలుపు దగ్గర ఉంటుంది. మోకాళ్ల నొప్పి వచ్చాక లోతైన సోఫాలోంచి లేవలేక ఆ కుర్చీకి మారారు. ఎప్పుడని అడిగాను. “రెండేళ్లయిందేమో బాబూ” అన్నారు ఆమె.

కుర్చీ జరిపే ఆలోచన నాకూ వచ్చింది. మధ్యలోకి తెస్తే ఆమె లేచి నడవడానికి దారి మూసుకుపోతుంది. ఆమె సౌకర్యాన్ని స్పీకర్ కోసం త్యాగం చేయించడం సరైన పరిష్కారం కాదని ఆ ఆలోచనను అక్కడే వదిలేశాను. ఆ కుర్చీలో కూర్చుని విన్నాను. సోఫాలో స్ఫటికంలా ఉన్న గొంతు ఇక్కడ మధ్యలో బోలుగా, ఎవరో నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నట్టు ఉంది. ఇన్నాళ్లు నేను సోఫాలో కూర్చుని కొలుస్తూ, కుర్చీలో ఉన్న మనిషి బాధ తీర్చాలని చూశాను.

కారణం ఆ సెంటర్ స్పీకర్ నిర్మాణంలోనే ఉంది. మధ్యలో ట్వీటర్ (సన్నని ధ్వనులు పలికే చిన్న భాగం), దానికి చెరో వైపున ఒక్కో వూఫర్ (మిగతా ధ్వనులు పలికే పెద్ద భాగం), మొత్తం అడ్డంగా పడుకుని ఉంటుంది. టీవీ కింద ఇమడటానికి సెంటర్ స్పీకర్లను చాలావరకు ఇలాగే చేస్తారు. రెండు వూఫర్ల మధ్య దూరం ఇందులో 30 సెంటీమీటర్లు. ఎదురుగా కూర్చుంటే రెండింటి శబ్దం ఒకేసారి చెవికి చేరుతుంది. అమ్మగారి కుర్చీ నడిమి గీతకు 30 డిగ్రీలు పక్కకు ఉంది. అక్కడికి దూరపు వూఫర్ శబ్దం 15 సెంటీమీటర్లు ఎక్కువ ప్రయాణించి వస్తుంది. సెకనుకు 343 మీటర్ల వేగంతో వెళ్లే ధ్వనిలో ఆ 15 సెంటీమీటర్లు 1140 హెర్ట్జ్ దగ్గర సరిగ్గా సగం తరంగానికి సమానం. అంటే ఒక వూఫర్ తోస్తున్నప్పుడు రెండోది లాగుతున్నట్టే, ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. 1140 హెర్ట్జ్ మనిషి మాటకు నడిబొడ్డు. ఫోనులోని కొలత యాప్‌తో చూస్తే సోఫాలో లేని గుంట ఒకటి కుర్చీ దగ్గర, సుమారు ఆ చోటే కనిపించింది.

సెంటర్ స్థాయి పెంచితే ఎందుకు పనిచేయలేదో అప్పుడు అర్థమైంది. చెరిగిపోయే శబ్దాన్ని ఎంత పెంచినా, చెరిపేది కూడా అంతే పెరుగుతుంది.

నిరూపణకు రెండు నిమిషాలు చాలింది. ఆ స్పీకర్‌ను క్యాబినెట్ ముందు నేలమీద నిలువుగా నిలబెట్టాను. ఇప్పుడు వూఫర్లు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి, పక్కకు జరిగినా రెండింటి దూరం సమానమే. సిరీస్ వేసి అమ్మగారిని తన కుర్చీలో కూర్చోమన్నాను. అరనిమిషం కూడా కాలేదు, ఆమె కుడిచేతిని చెవి దగ్గరి నుంచి దించి ఒళ్లో పెట్టుకున్నారు. అంతకాలంగా ఆ చెయ్యి అక్కడ ఉంటోందని ఆ చెయ్యి దిగాక గాని నేను గమనించలేదు.

పనిచేసినది

ఇప్పుడు లోపానికి ఒక పేరు, ఒక చోటు దొరికాయి. సెట్టింగులు, స్థానం, గది, వినే చెవి అన్నీ దాటి వచ్చాక ఒక పరికరం దగ్గర ఆగాం, దాని పరిమితిని కళ్లెదుట చూశాం. డబ్బు ఖర్చుపెట్టే సమయం వచ్చిందంటే నా లెక్కలో ఇదే.

ఏం కొనాలన్నది వేరే ప్రశ్న. నిలువుగా నిలబెడితే ఆ స్పీకర్ పొడవు వల్ల తెర కింది భాగం మూసుకుపోతుంది, అలా ఉంచలేం. మధ్య స్వరాలకు వేరే డ్రైవర్‌ను (శబ్దం పుట్టించే భాగాన్ని) నిలువుగా అమర్చిన మంచి సెంటర్ స్పీకర్లు దొరుకుతాయి, వాటికి ఈ జబ్బు చాలావరకు ఉండదు. కానీ దాచిన డబ్బులో సగానికి పైగా పోతుంది. సౌండ్‌బార్ అన్నారు కోడలిగారు. బాగా పనిచేస్తున్న ఐదు స్పీకర్లను పక్కన పెట్టి కొత్త వ్యవస్థ కొనడం ఒక పంటి నొప్పికి పళ్లన్నీ తీయించుకోవడమే అవుతుందని చెప్పాను.

అప్పుడు వెనక స్పీకర్ల మీద చూపు పడింది. ఒకే శ్రేణివి, ముందువాటిలో ఉన్న ట్వీటర్, వూఫరే వీటిలోనూ ఉన్నాయి. ఒక్కోదానిలో ఒకటే వూఫర్, దాని పైన ట్వీటర్, ఎత్తు తక్కువ. ఒకదాన్ని తీసి, పొట్టి స్టాండు మీద క్యాబినెట్ ముందు నిలువుగా పెట్టి పైకి వాల్చితే దాని తల క్యాబినెట్ పైభాగం దాటదు. గొంతు రంగు కూడా ముందు స్పీకర్లతో కలిసిపోతుంది. పాత్ర తెర మీద అటు నుంచి ఇటు నడిచినా గొంతు మారిపోయినట్టు అనిపించదు. రబ్బరు అంచులు చిట్లలేదని, డ్రైవర్లు బాగున్నాయని చూసుకుని అలాగే అమర్చాం. రిసీవర్‌లో వెనక స్పీకర్లు లేవని చెప్పాం, వాటి శబ్దాన్ని అది ముందువాటికి పంచుతుంది.

మొదటి వారం సగటు 3. రెండో వారమూ అంతే. ఆ మూడింటిలో కొన్ని అసలు ఆ సన్నివేశంలోనే గొణిగిన మాటలు, అక్కడ కొడుకూ కోడలూ కూడా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట.

వెనక స్పీకర్లు వెంటనే కొననివ్వలేదు. మూడు వారాలు వాటి లోటు తెలుస్తుందో లేదో చూడమన్నాను. తెలియకపోతే కొననక్కర్లేదు. ఆయనకు తెలిసింది. వాన పడే సన్నివేశంలో వాన తెర దగ్గరే ఆగిపోతోందని చెప్పారు. అప్పుడు చిన్న జత ఒకటి కొన్నారు. వెనక నుంచి వచ్చేవి ఎక్కువగా పరిసర ధ్వనులే కాబట్టి, నాణ్యతలో కొంత సర్దుకోవడానికి చోటున్నది అక్కడే. ఖర్చు దాచినదానిలో ఐదో వంతుకు లోపే. జత కలవాలి కనుక పాత వెనక స్పీకర్లలో మిగిలిన రెండోది తీసేశాం. ఇప్పుడు సెంటర్‌గా ఉన్నది చెడిపోతే మార్చుకోవడానికి అది విడిభాగంగా, పాత సెంటర్ స్పీకర్‌తో పాటు అటక మీద ఉంది.

ఈ కేసు నుంచి నేను పట్టుకున్నవి

నా పని తీరులో మూడు మార్పులు వచ్చాయి. ఫోన్లో సిఫారసు చేయడం మానేశాను, “ఎప్పటి నుంచి?” అన్నది అడగకుండా ఇంటికి వెళ్లడం లేదు. ఇంట్లోకి వెళ్లాక బాధపడుతున్న మనిషి ఎక్కడ కూర్చుంటారో అక్కడే ముందు కూర్చుంటున్నాను. ఈ మూడోది ముందే చేసి ఉంటే ఆ కుటుంబానికి నెలన్నర కలిసొచ్చేది.

పరికరం వయసు గురించి కూడా నా అభిప్రాయం గట్టిపడింది. అన్నీ ఒకే వేగంతో పాతబడవు. జాగ్రత్తగా వాడిన స్పీకర్ దశాబ్దాలు పనిచేస్తుంది. ఆంప్లిఫయర్ భాగం కూడా నెమ్మదిగానే పాతబడుతుంది. త్వరగా వెనకబడేవి కనెక్షన్లు, ఫార్మాట్లు. రిసీవర్ పాతబడిందని అంటున్నప్పుడు నిజంగా పాతబడింది దాని వెనక ఉన్న రంధ్రాలే తరచూ, వాటిని చుట్టి వెళ్లే దారి ఉన్నంతకాలం ఆ పెట్టెను ఉంచుకోవచ్చు. ఏఆర్‌సీ పోతే ఆప్టికల్ (కాంతి రూపంలో శబ్దాన్ని మోసే కేబుల్) ఉంది. ఆప్టికల్ మీద డాల్బీ డిజిటల్ 5.1 వస్తుంది, మాటలకు సెంటర్ చానెల్ వస్తుంది.

చివరి రోజున ఆయనతో కూర్చుని ఒక కాగితం మీద, ఏ పరికరం ఏ రోజున మార్చాలో షరతులు రాశాం. రిసీవర్: ఏదైనా చానెల్ ఆగిపోయి బాగుచేసే ఖర్చు కొత్తదానిలో మూడో వంతు దాటినప్పుడు, లేదా ఇంట్లో కావలసిన శబ్దం ఏ దారిలోనూ దానికి చేరనప్పుడు. టీవీ: తెర మీద గీతలు పడినప్పుడు, లేదా చిత్రం గురించి ఇంట్లో ఇద్దరు అడగకుండానే ఫిర్యాదు చేసినప్పుడు. సబ్‌వూఫర్: శబ్దం లేనప్పుడు కూడా హమ్మని మోత మొదలైతే ముందు తీగలు చూడాలి, తర్వాత మరమ్మతు, ఆ తర్వాతే కొనడం. కొత్త మోడల్ వచ్చిందన్నది, డబ్బు చేతిలో ఉందన్నది ఆ కాగితంలో కారణాలుగా లేవు. దాన్ని క్యాబినెట్ తలుపు లోపలి వైపు అతికించారు.

పద్నాలుగు నెలల తర్వాత ఆయన ఫోన్ చేశారు. రిసీవర్ హెచ్‌డీఎంఐ దారి మొరాయిస్తోంది, శబ్దం వచ్చి పోతోంది. నేను ఏదో చెప్పబోయేలోపే, “కాగితం చూశానండీ, ఆప్టికల్ కేబుల్ పెట్టాను, టీవీలో డాల్బీ డిజిటల్ ఎంచుకున్నాను, బాగానే ఉంది. చెబుదామనే చేశాను” అన్నారు. మిగిలిన డబ్బు అలాగే ఉందట.

తర్వాత అటువైపు పని మీద వెళ్లినప్పుడు ఆ తలుపు తీసి చూశాను. మా మూడు షరతుల కింద నాలుగోది చేరింది, ఆయన చేతిరాతతో. “అన్నిటికంటే ముందు: అమ్మ ఒక భాగంలో ఐదుసార్లు ‘ఏమన్నాడు?’ అని అడిగిన రోజు, ముందు ఆమె కుర్చీలో కూర్చుని వినాలి.”